హోస్కీ అమ్మకు చెప్పలేని మాట

అనగనగా అనగానే రాజుగారి కోట అనుకునేరు. కాదర్రా. ఏడు సముద్రాలకవతల ఎర్రరాళ్ల దేశం. అక్కడ గొర్రెలు కాసుకుని బతికే నవాహో జనం. వాళ్లలో యానబా అని ఒక తల్లి, హోస్కీ అని ఆమెకు ఒక్కగానొక్క కొడుకు.

హోస్కీని తెల్లదొరల బడిలో వేశారు. అక్కడ అమ్మ భాష మాట్లాడకూడదు. ఒకసారి నోరు జారాడు, నోట్లో సబ్బు కుక్కారు. రెండోసారి జారాడు, మళ్లీ సబ్బే. మూడోసారీ అంతే. పాడు మనుషులు! పసివాడి నోట్లో సబ్బేమిటర్రా?

"నా భాషే నీకు శాపమైంది నాయనా," అని యానబా ఏడ్చింది.

కొన్నేళ్లకు పెద్ద యుద్ధం వచ్చింది. దొరలు వైర్‌లెస్‌లో ఏ రహస్యం చెప్పుకున్నా శత్రువు ఇట్టే పట్టేస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చారు ఈ గొర్రెల కాపరులు! "మీ భాష శత్రువుకు అంతుపట్టదు, అదే కావాలి, రండి," అన్నారు. హోస్కీ వెళ్లాడు. వాళ్లు అల్లుకున్న రహస్యపు మాటల్లో తాబేలంటే ట్యాంకు, గుడ్డంటే బాంబు, ఇనుప చేపంటే జలాంతర్గామి.

ఒక దీవిలో సొంత ఫిరంగులే సొంతవాళ్ల మీద గుండ్లు కురిపించాయి. "ఆపండి, మేమే!" అని ఇంగ్లీషులో మొత్తుకున్నా అవతలివాళ్లు నమ్మలేదు. శత్రువు మాయ చేస్తున్నాడనుకున్నారు. హోస్కీ అమ్మ భాషలో చెప్పాడు. అవతల ఇంకో నవాహో విన్నాడు. ఫిరంగులు ఆగాయి. అందరూ బతికిపోయారు.

ఇంటికి పంపేటప్పుడు, ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. కన్నతల్లికైనా సరే.

"యుద్ధంలో ఏం చేశావురా?" అంది తల్లి.

"మాట్లాడానమ్మా."

ఊరంతా నవ్వింది.

తర్వాత హోస్కీకి కూతురు పుట్టింది. నాయనమ్మ ఒళ్లోకి తీసుకునేది, ముద్దులు పెట్టేది, నోరు మాత్రం విప్పేది కాదు.

"దాంతో మాట్లాడమ్మా."

"నా మాట నేర్చి ఇదీ సబ్బు తినాలా?"

నిజం హోస్కీ గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. "ఎందుకని అడక్కు. నా కోసం మాట్లాడమ్మా," అన్నాడు.

యానబా మనవరాలి చెవిలో ఏదో అంది. పిల్ల కిలకిలా నవ్వింది. అదే దాని మొదటి నవ్వు! ఆ జనంలో ఒక ఆచారముంది. పసిబిడ్డను మొదట ఎవరు నవ్విస్తే వాళ్లే విందు చెయ్యాలి, బిడ్డ చేత్తో అందరికీ ఉప్పు పెట్టించాలి. ముసలమ్మ గొర్రెను కోసి ఘనంగా విందు చేసింది. ఆనాటి నుంచి మనవరాలితో ఒకటే కబుర్లు.

అసలు సంగతి మాత్రం తెలియకుండానే పోయింది, మహాతల్లి. ఎన్నో ఏళ్లకు దొరలు ఆ ఒట్టు తీసేశారు. ఊరేగించారు, పతకం వేశారు, ఇక చెప్పమన్నారు. "వినాల్సిన మనిషి పోయాక చెప్పమంటారా?" అని హోస్కీ వెక్కివెక్కి ఏడ్చాడు.

హోస్కీ కూడా పోయాడు. ఇప్పటికీ ఆ ఊళ్లో బిడ్డ మొదటిసారి నవ్వితే, ఉప్పు పంచే ముందు, ఆ ఇంటి ముసలమ్మ దగ్గరికి వెళ్లి చెబుతారట:

"అవ్వా, నీ మాటే మనవాళ్లను బతికించింది."