పుక్కిట్లో నీళ్ళు

నా చదువు వినికిడి చదువు. కాబట్టి ఇది ఏ రాజ్యమో అడక్కండి. కరువులో జనానికి పంచమని సుల్తాను పంపిన జొన్నల్ని కోట అధికారి, కిల్లేదారు ముక్రంఖాను కొట్లో పెట్టి తాళం వేశాడు. దొడ్డిదారిన షావుకార్లకు అమ్ముకుంటున్నాడు.

రంజాను నెల, ఖాను రోజా ఉపవాసం ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం ఖాను మసీదు నీళ్ళ హౌజు దగ్గర నమాజుకి ముందు శుద్ధికి వజూ చేసుకుంటూ నీళ్ళు పుక్కిలించి ఉమ్ముతున్నాడు. దూదేకుల లాలప్ప ఖాళీ గోనెసంచితో వచ్చి నిలబడ్డాడు. ఇంట్లో అతని కూతురు ఆకలికి లేవలేక పడుంది.

"దాహంగా లేదా హుజూర్?"

"నాలుక పిడచగట్టుకుపోతోందిరా."

"ఒక్క గుక్క మింగెయ్యరాదా? ఎవరికి తెలుస్తుంది?"

"తోబా! అల్లా చూడ్డూ? రోజాకి కాపలా భటులు కాదురా, ఈమాను, మనసులోని విశ్వాసం!" అని నలుగురికీ వినబడేలా చెప్పి, ఖాను మళ్ళీ నోటినిండా నీళ్ళు పోసుకున్నాడు.

"బాగా సెలవిచ్చారు. మరి ఆ ఈమాన్నే జొన్నల కొట్టుకి కూడా కాపలా పెట్టకపోయారా?"

ఖాను బుగ్గలు ఉబ్బి అలాగే ఉండిపోయాయి. మింగితే రోజా పోతుంది, ఉమ్మితే జవాబు చెప్పాలి. జనం నవ్వు ఆపుకుంటూ చూస్తున్నారు.

ఇంతలో లోపల నమాజు మొదలైంది. ఖాను నీళ్ళు ఉమ్మేసి లోపలికి నడిచాడు.

"గెలిచావు లాలప్పా!" అని జనం భుజం తట్టారు.

గెలిచినవాడు ఖాళీ సంచితోనే కూతురి దగ్గరికి పోయాడు.