సాసర్లో జపాను టీ

ఊఁ కొడుతూ విను చిట్టీ. నిద్రొస్తే పడుకో, నేనేం అనుకోను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దావిడ సన్యాసమ్మ, చిన్నావిడ పైడమ్మ. పైడమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, అత్తగారు కోడళ్ళ వాటాకి ఒక్క గ్లాసు టీయే ఇచ్చేది. అది పెద్దకోడలిదే. అప్పుడు సన్యాసమ్మ ఏమీ అనకుండా సగం సాసర్లోకి వంపి, చిన్నదాని ముందుకి తోసింది.

ఆ తర్వాత అత్తగారు పోయింది. పొయ్యి వీళ్ళ చేతికొచ్చింది. కావాలంటే బిందెడు టీ కాచుకోవచ్చు. అయినా ఒక్క గ్లాసే పెట్టుకునేవాళ్ళు. గ్లాసు అక్కది, సాసరు చెల్లెలిది. రోజంతా కీచులాడుకున్నా టీ వేళకి ఇద్దరూ ఒక్కచోట చేరేవాళ్ళు.

అలా ఉండగా సన్యాసమ్మ గొంతుకి రోగమొచ్చింది. పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారే, అది. రోగం తగ్గింది గానీ గొంతంతా పుండై మిగిలింది. వేడి తగిలితే మంట. కారం తగిలితే మంట. అప్పుడావిడ తిండి మానేసింది. జావ ఇచ్చినా మొహం తిప్పేసేది.

డాక్టరు చూసి, "ఇలాగే ఉంటే వచ్చే వారం ముక్కులోంచి గొట్టం వెయ్యాలి" అన్నాడు.

ఆ గొట్టాలు వేసినవాళ్ళని సన్యాసమ్మ ఆసుపత్రిలో పక్క మంచాల మీద చూసింది. "వేస్తే పీకి పారేస్తాను. నన్నిలాగే పోనియ్యండి" అంది.

పైడమ్మ ఏడవలేదు. ఏడిస్తే అక్క తిడుతుంది. ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్ళింది.

మొదట టీ కాచి, చల్లార్చి పట్టుకొచ్చింది. పైన తొరక కట్టేసింది. సన్యాసమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఊసేసింది. "ఇది టీ కాదే. టీ శవం."

ఆ తర్వాత ఐసు ముక్కలు వేసి తెచ్చింది. "గిన్నెలు తొలిచిన నీళ్ళు నాకు పోస్తావా? బాగానే కసి తీర్చుకుంటున్నావు."

"తిట్టే ఓపిక ఉందిగా, అది చాలు" అని పైడమ్మ చెప్పులేసుకుంది.

బీచి రోడ్డు మీద ఒక ఐస్‌క్రీం షాపుంది. ఆవిడ ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. అప్పుడు వెళ్ళింది. "పుల్లగా ఉండకూడదు, గొంతులోంచి జారిపోవాలి. అలాంటిదేముందమ్మా?" అని అడిగింది.

కౌంటర్లో అమ్మాయి ఒక చెంచాడు తీసిచ్చింది. "ఇది జపాన్ వాళ్ళ పాల టీ ఐస్‌క్రీం, మామ్మగారూ. రుచి చూడండి."

"టీని గడ్డ కట్టించారా? ఆ దేశంలో పొయ్యిలు లేవా?" అంటూనే పైడమ్మ నోట్లో పెట్టుకుంది.

మొదట ఉత్త చలి. ఆ తర్వాత మరిగిన పాల వాసన. చివరికి నాలుక మొదట్లో చిన్న చేదు, టీ గ్లాసు అడుగున మిగిలే ఆఖరి గుక్కలాగా. చెంచా నోట్లో ఉంచుకునే నిలబడిపోయింది. అక్క జబ్బుపడ్డప్పటి నుంచీ తనూ టీ తాగలేదు మరి.

ఆటోలో ఇంటికొచ్చి, అక్క గ్లాసులోకే తీసి ఇచ్చింది.

"మళ్ళీ ఏం తెచ్చావే?"

"టీ."

"గ్లాసు చల్లగా ఉంది."

"నోరు మూసుకుని నోరు తెరు."

సన్యాసమ్మ చెంచా ఎత్తింది. అలవాటు కదా, ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఐస్‌క్రీంని ఊదింది చిట్టీ! పైడమ్మకి నవ్వాగలేదు. సన్యాసమ్మ కూడా గొంతు పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కరిగింది. దిగింది. ఇంకో చెంచా తిన్నది. మరొకటి తిన్నది. అప్పుడు ఉన్నట్టుండి చెంచా కింద పెట్టేసింది.

పైడమ్మ ముందుకి వంగింది. "ఏమైందక్కా? మండిందా?"

"సాసరేదే?"

"నాకొద్దు. నీకోసం తెచ్చాను. అంతా తింటేనే గొట్టం తప్పుతుంది."

"నేనొక్కదాన్నే తింటే అది మందు. ఇద్దరం తింటే టీ. మందులు చాలా మింగాను. సాసరు పట్రా."

పట్టుకొచ్చింది. సగం అందులో పడింది. ఇద్దరూ అడుగంటా గీకి తిన్నారు.

గొట్టం వెయ్యలేదు. మెల్లగా జావ దిగింది. ఆ తర్వాత మెత్తటన్నం దిగింది. సన్యాసమ్మ ఇంకొన్నాళ్ళు అందర్నీ తిడుతూ బతికింది. ఆ తర్వాత పోయింది. ఏం, అలా చూస్తావు? కథల్లో కూడా పోతారు.

పైడమ్మ ఇప్పటికీ ఒక్క గ్లాసే కాచుకుంటుంది. ఇప్పుడు గ్లాసు తనది. సగం సాసర్లోకి వంపి, గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళ ముందుకి తోస్తుంది. ఏమీ అనదు.

కథేమో కంచికి,
చెంచా గ్లాసు అంచుకి,
నిద్రేమో నీ మంచానికి.