నల్ల నుదుటి కూన

దుప్పటి తన్నకు. ఇటు తిరిగి పడుకో, చెబుతాను.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంతా చెక్కబొమ్మలు చేసేవాళ్ళే, వరాలని నీ అంత పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న కోటయ్య బొమ్మలు చెక్కితే వరాలు రంగులు వేసేది. ఎన్ని చిలకలు చేసినా అన్నీ ఒక్కలాగే ఉండేవి.

వాళ్ళింట్లో రంగి అని ఒక పిల్లి. ఒళ్ళు తెలుపు, నుదుటి మీద పసుపు మచ్చ, ఒక చెవి నలుపు. వరాలు పక్కలోనే పడుకునేది. అది ఒక్క కూనని కని, కూన పాలు మరిచాక జబ్బు చేసి పోయింది. వరాలు అన్నం ముట్టలేదు.

అప్పుడు కూనని చూసింది. రంగులు అవే గానీ తారుమారు. నుదురు నలుపు, చెవి పసుపు. ఆ కూన మాత్రం వరాలెక్కడుంటే అక్కడే. ఒళ్ళోకెక్కి గుర్రుగుర్రుమనేది.

"నాన్నా, ఇది రంగిలా లేదు," అంది వరాలు.

"దానిదేముందే, రంగే కదా, వేస్తే సరి," అన్నాడు కోటయ్య. బొమ్మలు చేసే మనిషి, పాపం, అలాగే అనుకుంటాడు.

అప్పుడు వరాలు కూన నుదుటికి పసుపు రంగు వేసింది. కూన కాలితో తుడుచుకుని నాకేసింది. ఆ తర్వాత జిగురు కలిపి వేసింది. అది ఎండి, వెంట్రుకలు ఊడొచ్చాయి. కొత్తవి నల్లగానే మొలిచాయి. మూడోసారి పారిపోతున్నదాన్ని పట్టుకుని, కాళ్ళు గుడ్డతో కట్టి మరీ వేసింది. అది అరిచిన అరుపు వీధంతా వినపడింది.

కట్లు విప్పగానే కూన అటకెక్కింది. కొన్నాళ్ళకి ఆ రంగూ రాలింది. పైనుంచి తొంగిచూసిన నుదురు మళ్ళీ నలుపే.

ఎందుకంటావా? ఏదీ, నా రెండు వేళ్ళలో ఒకటి పట్టుకో. ఒకటి పసుపు, ఒకటి నలుపు. ఏది ఏదో చెప్పను, ఊరికే పట్టుకో. ఆ, చూశావా? కూన అమ్మ కడుపులో ఆవగింజలో సగం కూడా లేనప్పుడు, దాని ఒళ్ళంతా కంటికి ఆనని కణాలు. ఒక్కోదాని ముందూ ఇలాగే రెండు వేళ్ళు. ఏది పట్టుకోవాలో ఎవరూ చెప్పరు. ఏది చేతికొస్తే అది. రెండోది ముడుచుకుపోతుంది. ఆ కణానికి పుట్టిన పిల్లలూ, వాళ్ళ పిల్లలూ అదే గుర్తుంచుకుంటారు. రంగి నుదుటికి పసుపు చిక్కింది, దీని నుదుటికి నలుపు చిక్కింది. పైన ఎంత పూస్తే మాత్రం లోపల మర్చిపోతుందా?

"వదిలెయ్ తల్లీ. దాని రంగు దానిది. నేనే తప్పు చెప్పాను," అన్నాడు కోటయ్య. వరాలు కుంచె పడేసింది.

ఆ తర్వాత రోజూ పాలు పెట్టి అటక నిచ్చెన కింద కూర్చునేది. తను లేచి వెళ్తేనే అది దిగి తాగేది. చెయ్యి చాస్తే వెనక్కి నక్కేది. అలాగే అటక మీదే పెద్దదైపోయింది.

"రంగి ఎలాగూ రాదు నాన్నా. ఒళ్ళోకొచ్చినదాన్ని నేనే తరిమేశాను," అని ఏడ్చింది వరాలు.

ఒకరోజు దాన్ని పిలుద్దామని నోరు తెరిచింది. ఏమని పిలుస్తుంది? రంగిని చేద్దామనే చూసింది గానీ, దానికంటూ పేరే పెట్టలేదు.

నువ్వైతే ఏం పేరు పెట్టేదానివో పొద్దున చెబుదువు గానీ, కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కూనేమో అటకకి,
నువ్వూ నేనూ నిద్దరకి.