దుంపలు ఎందుకు పచ్చబడ్డాయి?

అనగనగా ఒక కొండవాలు అడవి. ఆ అడవిలో గవరమ్మ అనే ముళ్లపంది ఉండేది. వానాకాలానికి తిండి దాచుకోవాలని, పక్క చేలో కోత అయ్యాక మిగిలిపోయిన బంగాళాదుంపలన్నీ ఏరి తెచ్చుకుంది.

తెచ్చి బొరియలో పెట్టిందా? లేదు! వాకిట్లో బండ మీద కుప్ప పోసింది. దారిన పోయేవాళ్లు "అబ్బ, ఎంత కష్టపడ్డావమ్మా!" అంటుంటే సంతోషంతో దాని ముళ్లన్నీ నిక్కబొడుచుకునేవి.

పది రోజులకు పైదుంపలు ఆకుపచ్చగా మారాయి.

"ఇదేం వింత?" అంది గవరమ్మ.

కొమ్మ మీది చిలుక నవ్వింది. "పచ్చగా ఉంటే మంచిదేగా! నన్ను చూడు!"

గవరమ్మ నమ్మింది. ఆకలితో వచ్చిన కుందేలు పోలమ్మకు ఒక పచ్చ దుంప పెట్టింది.

"కాస్త చేదుగా ఉందే వదినా," అంటూనే పోలమ్మ తినేసింది. కాసేపటికే కడుపునొప్పితో మెలికలు తిరిగింది. రెండు రోజులు లేవలేదు.

"దుంప వల్లేనని చెప్పకు. ఏ పిచ్చి ఆకో తిందని చెప్పు," అంది చిలుక.

గవరమ్మ చాలాసేపు ఆలోచించింది. తర్వాత తిన్నగా పోలమ్మ దగ్గరికి వెళ్లింది.

"నేను పెట్టిన దుంపే నీకు పడలేదు వదినా. తప్పు నాదే. ఎందుకలా అయిందో కనుక్కుంటాను."

ఇంటికొచ్చి కుప్ప కదిపింది. పైవి పచ్చగా ఉన్నాయి, అడుగువి మట్టిరంగులోనే ఉన్నాయి. ఒక దుంపైతే ఎండ తగిలిన వైపు మాత్రమే పచ్చబడింది!

"అయితే ఇది వెలుతురు పనేనా?"

పచ్చవాటిని ఎవరి నోటా పడకుండా లోతుగా పాతేసింది. మంచివాటిని ఎండుటాకుల కింద దాచి, మూడు దుంపలు మాత్రం బయటికి తీసింది. ఒకటి బండ మీద పెట్టింది. ఒకటి తడి ఆకుల్లో గట్టిగా చుట్టింది. ఒకటి గాలి ఆడే చీకటి బొరియలో, పొడి గడ్డి మీద ఉంచింది. రోజూ పొద్దున్నే చూసేది, వాసన కూడా పట్టేది.

కొన్నాళ్లకు బండ మీదది పచ్చబడింది. ఆకుల్లోది కుళ్లి కంపు కొట్టింది. గడ్డి మీదది మాత్రం నిన్న తవ్వినట్టే ఉంది! వెంటనే మంచి దుంపలన్నీ బొరియలోకి చేర్చింది.

వానలు పట్టుకున్నాయి. పోలమ్మ తడుస్తూ వచ్చింది కానీ, గవరమ్మ చేతిలోని దుంపను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

గవరమ్మ దుంపను రెండు ముక్కలు చేసింది. "ముందు నేను తింటాను, చూడు," అని కరకరా నమిలింది.

పోలమ్మ మెల్లగా లోపలికి వచ్చింది. రెండో ముక్క వాసన చూసింది. కొరికింది. ఖాళీ చేసింది.

"వదినా, ఇంకోటుందా?"

నీతి: తప్పు జరిగితే దాచకూడదు, ఎందుకు జరిగిందో వెతికి తెలుసుకుని సరిదిద్దుకోవాలి.