పని చెయ్యనోళ్ళు పెట్టిన రొట్టె

ఓబులేసు పొద్దుగుంకే వేళకి గుడిసె చేరినాడు. కొండ కింద ఊళ్ళన్నీ తిరిగి కాళ్ళు బొబ్బలెక్కినాయి. దానికంటే మనసు బరువుగా ఉండాది.

ఆ గుడిసె పీరయ్య తాతది. ఆయన ఫకీరు. హిందువులు, సాయిబులు అందరూ ఆయన్ని తాతా అనే పిలిచేవాళ్ళు. ఓబులేసు ఆయన శిష్యుడు. ఏ పని చెప్పినా చక్కంగా చేసుకొస్తాడని పేరు. ఆ సంగతి వాడికీ తెలుసు.

ఆ సీమని ఏలే దొర, కొండవాగు నుంచి కాలువ తవ్విస్తానన్నాడు. కానీ తాతతో ఒక మాట అన్నాడు.

"నీళ్ళిస్తే సేద్యం చేసేదానికి మనుషులుండాల కదా తాతా. ఈ పక్క ఊళ్ళు ఖాళీ అయిపోయినాయంటున్నారు. నీ శిష్యుణ్ణి పంపు. పనోళ్ళు ఉండారని వాడు చెప్తే కాలువ ఈ పక్కకి. లేరంటే వాగు అవతలికి తిప్పుతా."

రేపు పొద్దున దొర వస్తాడు. చెప్పాల్సింది ఓబులేసు.

"మనుషులుండారు తాతా, పనోళ్ళు లేరు" అన్నాడు వాడు. "వయసు మగోళ్ళంతా రాళ్ళు కొట్టేదానికి పట్నం పోయినారు. మిగిలింది ముసలోళ్ళు, ఆడోళ్ళు. నేను నిజం చెప్తే కాలువ పోతాది. ఊళ్ళు ఎండిపోతాయి. అబద్ధం చెప్పలేను. ఏం చేసేది?"

"నీకెట్లా తెలిసింది?"

"ఇంటింటికీ పోయి అడిగినా. పనికి పోయేదెవరమ్మా అని. మా ఆయన పోయినాడు, ఇంకెవరూ లేరు అని వాళ్ళే చెప్పినారు. నేను ఒక్క మాట కలపలేదు."

తాత తల ఊపినాడు. "వాళ్ళు అబద్ధం చెప్పే మనుషులు కాదులే. సరే, ఆకలైతా ఉండాది. జోలె ఇటియ్యి."

జోలె నిండుగా ఉండాది. ఆ ఊళ్ళల్లో ఏ ఇంటోళ్ళూ వాణ్ణి ఉత్త చేతుల్తో పంపలేదు.

ఆ గుడిసెలో ఒకటే కట్టుబాటు. కష్టం చేసినోళ్ళు పెట్టిందే తినాల. కూర్చొని తినేవాళ్ళు నేతి పాయసం పంపినా తాత ముట్టడు.

తాత జొన్నరొట్టె బయటికి తీసినాడు. "ఇదెవరిచ్చినారు?"

"ఒక ఇంటి కోడలు. చంకలో బిడ్డ ఉండాది. ఎద్దు కాలికి ముల్లు దిగితే తీస్తా ఉండె. అది తన్నబోతే మూతి నిమిరి, నీకొక్కడికేనా కష్టం, కాసేపు ఓర్చుకోరా అనింది. నాకు నవ్వొచ్చింది తాతా. ఆ ఎద్దు నిజంగానే ఓర్చుకుంది."

"ఆమె పనికి పోతాదా?"

"పోదంట. ఇంటికాడనే ఊరికే ఉంటాదంట."

తాత ఆ రొట్టెని పక్కన పెట్టేసినాడు. శెనక్కాయలు తీసినాడు.

"ఇవి?"

"ఒక అవ్వ. పాపం కళ్ళు కనపడవు. విత్తనం కాయలు వలుస్తా ఉండె. పుచ్చు గింజ వేలికి తగిలితే చాలు, పక్కకి విసిరేస్తాది. ఒక్కటీ తప్పదు. అట్లాంటి వేళ్ళు నేను యాడా చూడలేదు తాతా. ఏం చేస్తావవ్వా అంటే, కళ్ళు పోయినాక నాకేం పని నాయనా, కూర్చొని తింటా ఉండా అనింది."

తాత శెనక్కాయలు కూడా పక్కన పెట్టినాడు.

ఇంక మజ్జిగ ముంత ఉండాది. అది ఇచ్చిన ముసలాయన మోకాలి లోతు బురదలో దిగి, బావి పూడిక ఎత్తిపోస్తా ఉండె. నాలాంటోళ్ళు దేనికి పనికొస్తారు లేప్పా అన్నాడు. ఓబులేసు ఆ ముంతని చేతిలో పట్టుకొని కొంచెంసేపు చూసినాడు. తాత అడగకముందే వాడే పక్కన పెట్టినాడు.

తాత జోలె దులిపి మడిచినాడు.

"పడుకుందాం పద. ఈ పొద్దు మనకి తిండి లేదు."

ఓబులేసు లేవలేదు. తాత చాప పరుస్తా పరుస్తా అడిగినాడు.

"మీ అమ్మ బాగుండాదా?"

"బాగుండాది తాతా."

"ఏం చేస్తా ఉంటాది?"

"మా అమ్మా? ఏం చెయ్యదు తాతా, ఇంట్లోనే..."

మాట ఆడికే ఆగిపోయింది. వాడు తల వంచుకున్నాడు.

తాత పోయి పక్కన పెట్టిన రొట్టె తెచ్చినాడు. తుంచి సగం వాడి చేతిలో పెట్టినాడు. ఇద్దరూ తిన్నారు.

తెల్లారి దొర గుర్రమెక్కి వచ్చినాడు. "ఏమబ్బీ, పనోళ్ళుండారా, లేరా?"

"మీరే వచ్చి చూడండి దొరా" అన్నాడు ఓబులేసు. "ఒకటే మాట. ఎవరినీ ఏమీ అడగొద్దు."

దొర వాణ్ణి వింతగా చూసినాడు. అయినా గుర్రం దిగి వాడి వెనకాలే నడిచినాడు. కోడల్ని, అవ్వని, ముసలాయన్ని పనుల్లో ఉండగా తన కళ్ళతోనే చూసినాడు. మధ్యాన్నానికి ఆయన మనుషులు ఈ పక్కనే కాలువకి ముగ్గు పోస్తా ఉండారు.

ముగ్గు చూసి ఊళ్ళో ఆడోళ్ళు గంపలు, పారలు తీసుకొని బయలుదేరినారు. బిడ్డని చంకకెత్తుకున్న కోడలు ముందు నడుస్తా, వెనకాల వాళ్ళని కేకేసింది.

"రండే, పోయి తవ్వుదాం. ఇంటికాడ ఊరికేనే ఉండాం కదా."

తాత ఓబులేసు వైపు చూసినాడు. వాడు అప్పటికే ఒక గంప అందుకొని వాళ్ళ వెనకాల పోతా ఉండాడు.