గోరువంకల గుట్టు చెప్పిన వకుళ

కథలు ఇంకా కొత్తగా పుడుతున్న కాలంలో, తేనెపట్లు వేలాడే కొండల మధ్య తేనెకొండ అని ఒక రాజ్యం ఉండేదట. దాని రాజు మణిధరుడు. మంచివాడే కానీ, దగ్గరివాళ్ళు ఏం చెబితే అది నమ్మేసేవాడు.

పొరుగున ఇనుపకోట రాజ్యం. ఆ రాజు కన్ను ఎప్పుడూ తేనెకొండ మీదే. తేనెకొండకు పెద్ద సైన్యం లేదు. గోరువంకలు మాత్రం ఉన్నాయి. ఆ కొండల్లో పుట్టిన గోరువంక ఒకసారి విన్న మాటను, విన్న గొంతుతోనే తిరిగి పలుకుతుంది. ఒక ఏడు ఇనుపకోట సైనికులు సరిహద్దు అడవిలో కూర్చుని దాడి గురించి మాట్లాడుకున్నారు. కొమ్మల మీది గోరువంకలు ఆ మాటలు విని వచ్చి రాజధానిలో వినిపించాయి. తేనెకొండవాళ్ళు కనుమదారి మూసేశారు. శత్రువు వచ్చిన దారినే వెనక్కి పోయాడు. ఒక్కరి ఒంటి మీదా గాయం పడలేదు.

అప్పటి నుంచి రాజధానిలో పక్షిశాల వెలిసింది. మంత్రి చండకేతుడు దానికి అధికారి అయ్యాడు. పక్షుల పలుకులు వినడానికి చురుకైన చెవులున్నవాళ్ళను ఏరి పెట్టుకున్నాడు. వాళ్ళలో వకుళ అనే యువతి మహా చురుకైనది. తేనెకొండను కాపాడతాననీ, పక్షిశాలలో విన్నది బయట చెప్పననీ ఆమె కూడా అందరిలాగే ప్రమాణం చేసింది. సరిహద్దు నుంచి వచ్చిన గోరువంకల పలుకులు విని, అందులో ప్రమాదం ఏదైనా ఉంటే చెప్పడం ఆమె పని. ఆ పనంటే ఆమెకు గర్వం.

పక్షిశాలలో కస్తూరి అని ఒక ముసలి గోరువంక ఉండేది. దానికి విన్న మాటలే కాదు, సొంత మాటలు కూడా వచ్చు. వయసు మీద పడ్డది కనుక సొంత మాటలే ఎక్కువ. వకుళ భుజమే దానికి పీట.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక పండగకు చండకేతుడు ఇంటింటికీ ఒక గోరువంకను పంచిపెట్టాడు. రాజుగారి కానుక అన్నాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. మందు వేయించడానికి అప్పుడప్పుడు పక్షిని పక్షిశాలకు తీసుకురావాలని మాత్రం ఒక నియమం పెట్టాడు. జనం సంతోషంగా తెచ్చేవారు. మందు సంగతి ఏమో గానీ, లోపల కూర్చోబెట్టి ఆ పక్షుల చేత ఇంట్లో విన్నవన్నీ పలికించేవారు.

వకుళకు ఇది నచ్చలేదు. దొంగలనూ శత్రువులనూ పట్టడానికే ఇదంతా అని పైవాళ్ళు చెప్పారు. సరే అనుకుంది. ఒకరోజు సోమక్క ఇంటి గోరువంక వచ్చింది. సోమక్క ఊరంతటికీ ఇష్టమైన గాయని. చండకేతుడి మీసాలు చూసి చీపుళ్ళు అనుకుని ఒక ముసలమ్మ వాకిలి ఊడవబోయిందని ఆమె ఇంట్లో సరదాగా ఒక పాట కట్టుకుంది. గోరువంక ఆ పాట పాడింది. వకుళ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులోనే పాటను మంత్రికి చెప్పేసింది. ఆమె బయటికి వచ్చేసినా కస్తూరి కాసేపు మంత్రి గది కిటికీ మీదే ఉండిపోయింది.

ఆ ఏడు జాతరలో సోమక్కను పాడనివ్వలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. సోమక్క తన గొంతు పాడైందేమో అనుకుని వైద్యుల చుట్టూ తిరిగింది. అది చూశాక వకుళకు అన్నం సయించలేదు.

ఆమె ముందుగా మంత్రి కింద పక్షిశాల నడిపే పెద్దను కలిసి, ఇది తప్పు కదా అని అడిగింది. ఆయన తలుపు మూసి, నోరు మూసుకోమన్నాడు. తరవాత చండకేతుడినే అడిగింది. ఆయన మీసం దువ్వుకుంటూ నవ్వాడు.

"తప్పు చేయనివాడికి భయమెందుకు వకుళా? మనం వింటున్నామంతే. వింటే ఎవరికి నష్టం?"

"సోమక్కకు నష్టమైంది కదండీ," అంది వకుళ.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఇంకెప్పుడూ ఆ పేరు ఎత్తవద్దన్నాడు. చివరికి ఆమె రాజుగారి కోట వాకిట నిలబడింది. లోపలికి వెళ్ళాలంటే చండకేతుడి అనుమతి ముద్ర కావాలని కాపలావాళ్ళు వెనక్కి పంపేశారు.

మూడు తలుపులూ మూసుకున్నాయి. ఇక మిగిలింది సంత ఒక్కటే. అక్కడ తలుపులే ఉండవు.

సంతకు వెళ్ళే ముందు వకుళ కస్తూరికి గట్టిగా చెప్పింది. ఎవరి పరువూ పోయే మాట పలకకూడదు. సరిహద్దు మాట ఒక్కటి కూడా రాకూడదు. కస్తూరి తల ఊపింది. "నేనేమన్నా నిన్న గుడ్డులోంచి వచ్చానా," అని గొణిగింది కూడా.

నడిసంతలో, నడిపొద్దున, కస్తూరి గొంతు విప్పింది. సుంకం అధికారి గురకకు ఆయన భార్య పెట్టే శాపనార్థాలు ఆమె గొంతుతోనే వినిపించింది. జనం విరగబడి నవ్వారు. ఒక అవ్వ తన కోళ్ళను పేరుపేరునా ముద్దు చేసుకోవడం పలికింది. ఇంకా నవ్వారు. తరవాత సోమక్క గొంతుతో మీసాల పాట పాడింది. ఆ వెనకే చండకేతుడి గొంతు వినిపించింది.

"దీన్ని జాతరలో పాడనివ్వకండి. కారణం చెప్పకండి."

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. మన ఇళ్ళలో ఉన్నది కానుక కాదనీ, చెవి అనీ వకుళ చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పింది, అంతే. అప్పటికే భటులు అటు పరుగెత్తుకొస్తున్నారు. సోమక్క తన బుట్టలోని మిరపకాయలన్నీ వాళ్ళ దారిలో కుమ్మరించింది. వాళ్ళు తుమ్ముతూ ఉండగానే ఉప్పు బండ్లవాళ్ళు వకుళకు చోటిచ్చారు. బండ్లు కదిలాయి. వెనక్కి తిరిగి చూస్తే కొండలు చిన్నవైపోతున్నాయి. ఆమెకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆమె మొదట వెదురుపురం చేరింది. అక్కడి రాజు మెత్తని మనిషి. ఆమె కథ విని కళ్ళు తుడుచుకున్నాడు, కడుపునిండా భోజనం పెట్టించాడు. ఇంతలో చండకేతుడి దూతలు వాకిట దిగారు. రాజు వణికిపోయాడు. నువ్వు చేసింది మంచిపనేనమ్మా, కానీ ఆ మంచి మా ఇంట్లో వద్దని చెప్పి దొడ్డిదారిన పంపేశాడు.

రెండోది ఇనుపకోట. అక్కడికి ఆమె కావాలని వెళ్ళలేదు. దారి అటే ఉంది. ఇనుపకోట రాజు ఏనుగును ఎదురు పంపాడు. మేడ ఇచ్చాడు. కస్తూరికి వెండి పళ్ళెంలో ద్రాక్షలు, అంజూరాలు, పనసతొనలు పెట్టించాడు. తరవాత నెమ్మదిగా అసలు సంగతి అడిగాడు. సరిహద్దులో గోరువంకలు ఏయే చెట్ల మీద ఉంటాయి? కనుమదారిలో కాపలా ఎక్కడ పలచగా ఉంటుంది?

"మా ఇంట్లో జరిగే తప్పు మావాళ్ళకు చెప్పాను," అంది వకుళ. "మా ఇంటి గడియ తీసి మీకివ్వడానికి కాదు."

రాజు కస్తూరి వైపు తిరిగాడు. రోజూ పళ్ళు పెట్టి బుజ్జగించాడు. కస్తూరి పళ్ళన్నీ శుభ్రంగా తిని, ముక్కు తుడుచుకుని, జోలపాట ఒక్కటే పాడింది. పెట్టినప్పుడల్లా అదే జోల. చివరికి రాజుకే నిద్ర ముంచుకొచ్చేది. విసిగిపోయి ఇద్దరినీ సముద్రం ఒడ్డున దింపించేశాడు.

అక్కడి నుంచి జాలరులు వాళ్ళను ముత్యాలదీవికి చేర్చారు. ఆ దీవికి రాజు లేడు. గంగాళమ్మ అనే పెద్దావిడ మాటే చట్టం. ఆమె వకుళను ఎగాదిగా చూసి, నీకేం పని వచ్చని అడిగింది.

"వినడం ఒక్కటే వచ్చవ్వా," అంది వకుళ సిగ్గుపడుతూ.

"అయితే మా పిల్లల మాటలు విను తల్లీ. మాకు వలలతోనే సరిపోతోంది, వాళ్ళ మాట వినే తీరిక ఎవరికీ లేదు," అంది గంగాళమ్మ.

చండకేతుడి దూతలు అక్కడికీ వచ్చారు. గంగాళమ్మ వాళ్ళకు చేపల పులుసు పోసి అన్నం పెట్టింది. మా దీవికి వచ్చినవాళ్ళను మేం ఇవ్వం, మీకూ కావాలంటే ఉండండి అంది. పులుసు బాగుండటంతో ఒక దూత నిజంగానే ఉండిపోయాడు.

వకుళ దగ్గరికి పిల్లలు వచ్చేవారు. ఆ తరవాత పెద్దలూ రాసాగారు. చెప్పాలనుకున్నవాళ్ళు చెప్పేవారు, ఆమె వినేది. విన్నది తనలోనే ఉంచుకునేది. ఇన్నాళ్ళకు వినడంలో ఉన్న సుఖం తెలిసింది. అయినా కొండగాలి గుర్తొస్తే ఒడ్డున కూర్చుని ఉత్తరం వైపు చూసేది.

మరి తేనెకొండలో ఏమైంది? వకుళ శత్రువుకు అమ్ముడుపోయిందని చండకేతుడు దండోరా వేయించాడు. ప్రతి ఇంట్లోనూ వాదనే. ప్రమాణం తప్పింది కదా అని కొందరు, మన కళ్ళు తెరిపించింది కదా అని కొందరు. నిజమైతే ఎందుకు పారిపోయిందని ఒకరు, ఉంటే బతకనిచ్చేవారా అని మరొకరు.

గోరువంకలను వదిలేస్తే శిక్ష అన్నాడు మంత్రి. సోమక్కకు ఒక ఉపాయం తోచింది. ఇంటింటా ఆడవాళ్ళు గోరువంకల ముందు గోంగూర పచ్చడి చేసే విధానం తప్ప మరో మాట మాట్లాడటం మానేశారు. పక్షిశాలలో పొద్దున గోంగూర, మధ్యాహ్నం గోంగూర, సాయంత్రం కూడా గోంగూరే. వినేవాళ్ళకు నోట్లో నీళ్ళూరి ఆకలి ఎక్కువైంది, పని తక్కువైంది.

ఈ గోల రాజుగారి చెవిన పడింది. మణిధరుడు నవ్వబోయి ఆగాడు. తన శయనమందిరం కిటికీలో కూడా ఒక గోరువంక ఉంది. అది కూడా కానుకే. ఆయన దాని ముందు నిలబడి, ఎవరితోనూ అనని మాట ఒకటి అన్నాడు.

"వచ్చే పండగకు చండకేతుణ్ణి తీసేసి మరొకరిని మంత్రిని చేస్తాను."

మర్నాడు పక్షిని మందుకు పంపారు. అది కోటకు తిరిగి రాకముందే చండకేతుడు చెమటలు కక్కుతూ వచ్చి రాజు కాళ్ళ మీద పడ్డాడు. తనను తీసేయవద్దని వేడుకున్నాడు. రాజు శాంతంగా, నిన్ను తీసేస్తానని నీకు ఎవరు చెప్పారని అడిగాడు. ఆ పూటే పదవీ పోయింది, పక్షిశాల తాళంచెవులూ పోయాయి.

అయినా సభలో వకుళ మాట తేలలేదు. అందుకని రాజే మంత్రులతో పడవెక్కి ముత్యాలదీవికి వెళ్ళాడు. ఒడ్డున ఇసుకలో సభ జరిగింది. దీవి జనమంతా చుట్టూ చేరారు.

ప్రమాణం ఎందుకు తప్పావని రాజు మొదట అడిగాడు.

"రెండు ప్రమాణాలు చేశాను ప్రభూ. తేనెకొండను కాపాడతానన్నాను, విన్నది చెప్పనన్నాను. రెండూ నిలబెట్టుకునే దారి వెతికాను. దొరకలేదు. పెద్దదాని కోసం చిన్నదాన్ని తప్పాను. తప్పినందుకు బాధ ఇంకా ఉంది."

తప్పు చేయకపోతే పారిపోవడం ఎందుకని రెండో ప్రశ్న.

"మీ కోట వాకిలి దాకా వచ్చాను. నన్ను లోపలికి రానివ్వలేదు. ఉండి ఉంటే నాకు తీర్పు చెప్పేది చండకేతుడే. నిజం చెప్పాలంటే, భయం కూడా వేసింది ప్రభూ."

మూడోది ముసలి సేనాపతి అడిగాడు. ఇనుపకోటలో మేడలో ఉన్నావు కదా, వాళ్ళకు ఏమిచ్చావు? వకుళ ఏమీ ఇవ్వలేదంది. దానికి సాక్ష్యం ఏమిటన్నాడు. ఇవ్వనిదానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తుంది?

అప్పుడు భుజం మీది కస్తూరి గొంతు సవరించుకుంది. ఇనుపకోట రాజు గొంతుతో, ఆయన విసుగుతో, ఉన్నదున్నట్టు పలికింది.

"ఇది నోరు విప్పదు, ఈ ముసలి పిట్ట జోల ఆపదు. నా అంజూరాలన్నీ దండగ. తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున పారేయండి వీళ్ళను."

ఆ గొంతు సేనాపతికి బాగా తెలుసు. ముందు ఆయనే నవ్వాడు. తరవాత రాజు, తరవాత ఒడ్డంతా నవ్వింది. అంజూరాలు మాత్రం బాగున్నాయని కస్తూరి సొంత గొంతుతో చెప్పింది.

మణిధరుడు లేచి నిలబడ్డాడు. వకుళ మీద నింద కొట్టేశాడు. ఇకపై గోరువంకల కాపలా సరిహద్దు వరకే ఉండాలన్నాడు. ఇళ్ళలోని పక్షులను ఎవరూ పలికించకూడదన్నాడు. తప్పు కనిపించినవాళ్ళు నేరుగా తన దగ్గరికి రావడానికి ఏ ముద్రా అవసరం లేని వాకిలి ఒకటి తెరిపిస్తానని మాటిచ్చాడు. గంగాళమ్మ వకుళ నుదుట ముద్దు పెట్టి, ఎండుచేపల మూట చేతికిచ్చి పడవ ఎక్కించింది. పిల్లలు పడవ కనుమరుగయ్యేదాకా నీళ్ళలో నిలబడి చేతులూపారు.

తేనెకొండ పొలిమేరలో డప్పులు మోగాయి, పూలు కురిశాయి. అయినా ఆమె చేసింది ఒప్పా తప్పా అనే వాదన ఆగలేదు. అరుగుల మీద, అంగళ్ళ ముందు, గొంతులు పెంచి మరీ వాదించుకున్నారు. ఒకరోజు రాజు ఒక వీధిన నడిచి వెళ్తూ ఆ వాదన విన్నాడు. ఎవరు ఏమన్నారో చూడటానికి ఆగలేదు. చిరునవ్వుతో తన దారిన తాను వెళ్ళిపోయాడు.

పిల్లలూ, దేశాన్ని కాపాడే రహస్యాన్ని ప్రాణం పోయినా దాచాలి, దేశంలోని జనాన్ని మోసం చేసే రహస్యాన్ని భయం వేసినా బయటపెట్టాలి. ఆ రెంటికీ తేడా తెలిసి నడుచుకునేవాళ్ళే నిజమైన దేశభక్తులు.