గురువారం తలనొప్పి

"గురువుగారూ, మన మాణిక్యమ్మకి ఈ ఒంటికణత నొప్పి ఎందుకొస్తుంది? రాకుండా ఆపే ఉపాయం ఏమిటి?" అని అడిగాడు ఆశ్రమంలో వంటశాల పెత్తనం చూసే శేషాద్రి. ఆ అడగడంలో జాలి కన్నా విసుగే ఎక్కువ. గురువారం అన్నదానం ముగిసిందో లేదో, ఆ వంటావిడ ఎడమ కణత పట్టుకుని, వాంతులు చేసుకుని, సామాన్ల గదిలో తలుపు వేసుకుని పడిపోతుంది. శొంఠి పట్టు వేయించాడు, తాయెత్తు కట్టించాడు. ఇంకొక్కసారి పడుకుంటే పనిలోంచి తీసేస్తానని కూడా చెప్పేశాడు. భర్త పోయిన ఆవిడకి ఆ పొయ్యే ఆధారం.

గురువుగారు సత్యవ్రతులవారు వాదించే మనిషి కాదు. "ఈ గురువారం వంట నువ్వు చెయ్యి. ఆవిడ పాటించే నియమాలన్నీ పాటించు," అన్నారు.

ఆ నియమం ఏమిటో విన్నారా? చివరి బంతి లేచేదాకా వండినవాళ్లు మంచినీళ్లయినా ముట్టకూడదట! తెల్లవారకుండా పొయ్యి రాజేస్తే, చివరి బంతి లేచేసరికి మూడవుతుంది. పుణ్యం పెట్టించినవాళ్లది, పస్తు వండినదానిది. ఇంత అన్యాయానికి ఆచారమని పేరు పెట్టుకున్నాం, సిగ్గు లేకపోతే సరి!

పదింటికే శేషాద్రికి పొగకి కళ్లు మండాయి. పన్నెండింటికి బైర్లు కమ్మాయి. అటూ ఇటూ చూసి, బియ్యం బస్తాల చాటుకి వెళ్లి, గుప్పెడు పులిహోర నోట్లో కుక్కుకుని చెంబెడు మజ్జిగ గటగటా తాగాడు. ఓపిక తెచ్చుకుని వడ్డనకి వచ్చేసరికి, మొదటి బంతిలో గురువుగారి పక్కనే మాణిక్యమ్మ కూర్చుని అన్నం కలుపుకుంటోంది.

"ఆచారం మంటగలిసింది! అందరికన్నా ముందు వంటావిడ తినడమా?" అని మండిపడ్డాడు.

మాణిక్యమ్మ తలెత్తింది. "మా అమ్మకీ ఉండేది బాబూ ఈ నొప్పి. మా వంశంలోనే ఉంది. అయినా అమ్మ పొద్దున్నే చద్దన్నం తినేది, నొప్పి ఏ ఆర్నెల్లకో ఓసారి వచ్చేది. నాకు వారం వారం రప్పిస్తున్నది ఎవరు?"

శేషాద్రికి ఒళ్లు మండిపోయింది. గురువుగారి వైపు తిరిగి, "పస్తుంటేనే వస్తుందా? పొద్దుటినుంచి నేనూ పస్తే ఉన్నాను. నాకేం రాలేదే!" అన్నాడు.

ఆయన శిష్యుడి ముఖం వంక ఒక్క క్షణం చూశారు.

"మీసం మీద మజ్జిగ తుడుచుకో నాయనా. తుడుచుకుని, ఆవిడకి మారు వడ్డించు."